ఎడం చెవిలో సుత్తి

ఆ గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విప్పాలి. గోడల నిండా చిల్లుల అట్టలు, కింద మెత్తటి తివాచీ. తలుపు మూస్తే మన గుటక మనకే వినపడేంత నిశ్శబ్దం. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో చెవులు పరీక్ష చేసే గది అది. అరకు కొండల మీద రైలు పట్టాలు కాసే ఫల్గుణ, రెండు వేల ఒకటో సంవత్సరం జూన్ నెలలో, ఒక మంగళవారం పొద్దున ఆ గదిలో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు.

అతను కీమేన్. అంటే రోజూ తన వంతు పట్టాల వెంట నడిచి, పట్టాలను పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే సుత్తితో బిగించుకుంటూ పోవడం అతని పని. నాలుగేళ్లకోసారి ఈ పనివాళ్లందరికీ కళ్లూ చెవులూ చూస్తారు. చెవి పోయిందని తేలితే లైను మీంచి దించేసి ఏ ఆఫీసులోనో నీళ్లు మోయిస్తారు. అంతవరకే అయితే ఫల్గుణ అంతలా చెమటలు కక్కేవాడు కాదు.

చెవి ఎప్పుడు పోయింది, ఎలా పోయింది అని అడుగుతారు. అదీ అతని భయం. ఆ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే. అది బయటపడిన రోజున, చచ్చిపోయిన మంగ్లు పెళ్లాం కనక ముందుకి అతను వెళ్లలేడు. మంగ్లు తమ్ముడు కామేష్‌తో కలిసి పట్టాల మీద అడుగు వెయ్యలేడు. అందుకే ఎడం చెవి సంగతి రెండేళ్లుగా, తేలు కుట్టిన దొంగలా మింగి కూర్చున్నాడు. కట్టుకున్న భానుకి కూడా చెప్పలేదంటే చూసుకోండి.

"ఇటు చూడండి ఫల్గుణ గారూ," అంది పరీక్ష చేసే హేమలత. గాజు కిటికీ అవతల మిషను ముందు కూర్చుంటుందావిడ. "చెవిలో కూత వినపడితే ఈ బటన్ నొక్కాలి. ఎంత చిన్నగా వినపడినా సరే."

"అలాగే మేడమ్."

కుడి చెవి గండం లేకుండా గడిచింది. తర్వాత ఎడం చెవి. మొదట ఏమీ లేదు. ఆవిడ చప్పుడు పెంచుతూ పోయింది. చాలాసేపటికి ఎక్కడో దూరంగా, పక్క వీధిలో ఈల వేసినట్టు వినపడింది. ఫల్గుణ గబుక్కున నొక్కేశాడు. అమ్మయ్య, బతికిందన్నమాట చెవి అనుకున్నాడు.

హేమలత తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. "సంబరపడకండి. అది మీ ఎడం చెవి విన్నట్టు లెక్క కాదు."

"నాకు ఇనపడింది కదా మేడమ్?"

"బడికి రానివాడి బదులు పక్కవాడు ప్రెజెంట్ సార్ అంటాడు చూడండి, అలాంటిదే. ఎడం చెవిలో గట్టిగా వేస్తే చప్పుడు పుర్రె ఎముక దాటుకుని కుడి చెవికి పోతుంది. విన్నది కుడిది, పేరు ఎడమదానికి. అందుకని ఇప్పుడు మీ కుడి చెవిలో హోరు పెడతాను. అది ఆ గోలలో ఉండగా ఎడమది ఒంటరిగా వింటుందో లేదో తేలిపోతుంది." ఆవిడ ఇయర్‌ఫోన్లు సర్దుతూ ఇంకో మాట కూడా అంది. "ఒక చెవిలో హోరుంటే రెండోది బాగున్నా కాస్త మందగిస్తుంది. చెవులు రెండైనా లోపల వినేది ఒక్కటే కదా. ఆ మాత్రం తేడా మేం చూసుకుంటాం లెండి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఫల్గుణ గబుక్కున తల దించుకున్నాడు. మంగ్లు పోయిన రోజు కూడా అతని కుడి పక్క హోరే ఉంది.

హోరు మొదలైంది. పెద్ద వానలో రేకుల ఇంట్లో కూర్చున్నట్టుంది. కుడి చెవి మునిగిపోయింది. ఎడం పక్కంతా ఖాళీ. చీకటి. ఇంక అయిపోయింది, దొరికిపోయాను అనుకున్నాడు.

అప్పుడు ఎడం చెవిలో... టంగ్.

ఒక్క దెబ్బ. పట్టా మీద సుత్తి దెబ్బ.

ఫల్గుణ వేలు దానంతట అదే బటన్ నొక్కింది. కిటికీ అవతల హేమలత తల ఊపి, ఏదో తిప్పింది. మళ్లీ... టంగ్. నొక్కాడు. ఆవిడ తిప్పినప్పుడల్లా ఒక దెబ్బ, దెబ్బకో నొక్కు. ఆవిడ చప్పుడు తగ్గించుకుంటూ పోయినా దెబ్బ మాత్రం తగ్గలేదు సరికదా, దగ్గరికొచ్చింది.

"భలే చెవండీ మీది!" హేమలత లోపలికొచ్చి నవ్వింది. "మొదట తడబడ్డారు గానీ, హోరు పెట్టాక కుడిదాని కంటే ఎడమదే బాగా విన్నది. ఇలా ఎప్పుడూ చూడలేదు. పాస్ రాసేస్తున్నాను." అంతలో ఆవిడ కళ్లు కిటికీ అవతలి మిషను వైపు తిరిగాయి. "చప్పుడు ఆపేశాను కదండీ. మీరు నొక్కితే వెలిగే లైటు ఇంకా వెలుగుతోందేమిటి? బటన్ వదలండి."

అతని చెయ్యి బటన్ మీద బిగుసుకుపోయి ఉంది.

పాస్ కాగితం చేతికొచ్చింది. ఇంకొకరైతే నెత్తిన పాలు పోసినట్టు సంబరపడేవాళ్లు. ఫల్గుణ మాత్రం కొండెక్కే బస్సులో కిటికీ వైపు కూర్చుని, గాలి హోరు కుడి చెవిలో పడకుండా దారంతా అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఇక్కడ మంగ్లు సంగతి చెప్పాలి. అతనూ ఫల్గుణ లాగే కీమేన్.

వాళ్లిద్దరూ కాసే పట్టాల ముక్కలో ఒక సొరంగం ఉంది. మలుపు సొరంగం అంటారు దాన్ని. లోపల ఒంపు తిరిగి ఉంటుంది కాబట్టి ఈ నోట్లో నిలబడితే ఆ నోటి వెలుతురు కనపడదు. ఇటునుంచి ఫల్గుణ, అటునుంచి మంగ్లు. మధ్యలో కలుసుకుని ఒక బీడీ పంచుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవారు. లోపల బండి వస్తే దాక్కోవడానికి గోడలో గూళ్లు ఉన్నాయి గానీ, గూటికీ గూటికీ మధ్య చిక్కుకుంటే అంతే సంగతులు.

అందుకని వాళ్లలో వాళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పుస్తకంలో రాసిన రూలు కాదది, తాతల నాటి గ్యాంగువాళ్లు నేర్పింది. లోపలికి అడుగు పెట్టేవాడు పట్టా మీద ఒక్క దెబ్బ కొడతాడు. దారి ఖాళీయేనా అని అడగడం. అవతలివాడు రెండు కొడితే ఖాళీ, రా. మూడు కొడితే బండి వస్తోంది, ఆగు. అడిగినవాడికి జవాబు చెప్పి తీరాలి. జవాబు లేకుండా ఎవడూ అడుగు వెయ్యడు.

తొంభై తొమ్మిది జూలైలో, పొద్దున పది గంటలప్పుడు, మంగ్లు అటునుంచి ఒక్కటి కొట్టాడు. ఫల్గుణ ఇటు నోటి దగ్గర ఉన్నాడు. ఆ నోటికి కుడి పక్కనే ఒక గెడ్డ, అంటే కొండవాగు, పైనుంచి దూకుతుంది. ఆ వారమంతా వానలు. గెడ్డ పొంగి చెవి పగిలేలా మోగుతోంది. బండ్ల వేళ కాదు కదా అని, వెనక్కి తిరిగి చూడనైనా చూడకుండా ఫల్గుణ రెండు కొట్టేశాడు. చూడాల్సింది. తల తిప్పితే చాలు. తిప్పలేదు.

పెట్టెలేవీ లేని ఒంటి ఇంజను, మంచులోంచి అతని వెనకే దిగుతోంది. గెడ్డ హోరులో ఆ చప్పుడు అతనికి అందలేదు. నడుము ఎత్తేసరికి ఎడం చెవి పక్కనే హారన్ పేలింది. పక్కకి ఎగిరిపడ్డాడు. చెవిలోంచి సన్నగా నెత్తురు కారింది. ఇంజను సొరంగంలోకి పోయింది.

మంగ్లు ఖాళీ అనుకుని నడిచి వస్తున్నాడు.

అందరూ అడిగితే ఫల్గుణ ఒకటే మాట చెప్పాడు. "నాను మూడే కొట్టినాను. ఆడికి ఇనపళ్లేదేటో." ఎవరూ కాదనలేదు. కాదనగలిగినవాడు బతికి లేడు. బండి వస్తోందని ముందే తెలిసినవాడి చెవి పక్కన హారన్ పేలదు కాబట్టి, నెత్తురు కారిన చెవి సంగతి మాత్రం దాచేశాడు.

ఇది ఒక తప్పు. దీనికి తోడు ఇంకోటి చేశాడు. పులి మీద పుట్ర అంటే అదే.

వాళ్ల ఊళ్లో, మనిషి పోతే వాడు చేత పట్టిన పనిముట్టు పిడి విరిచి, వాడి పేరున పాతిన రాయి కింద పెడతారు. "పిడి ఇరక్కపోతే సచ్చినోడికి డూటీ దిగదు మరిదీ," అంది కనక ఏడుస్తూ. "రైలు పెద్దోళ్లని అడిగి ఆ సుత్తి తెచ్చిపెట్టు." మంగ్లు సుత్తి మంచిది. చేతిలో తూకంగా ఆడేది. దాని ఇనుము మీద పద్నాలుగు అని అంకె. ఫల్గుణది ఇరవై ఏడు. దాని పిడి అప్పటికే బీటలిచ్చి ఉంది. ఎలాగూ విరిచేదే కదా, చచ్చినవాడికి ఏది పెడితే ఏమిటి అనుకున్నాడు. తన సుత్తినే కనక చేతికిచ్చి, మంగ్లుది తను ఉంచుకున్నాడు. కనక దాన్ని మోకాలి మీద పెట్టి విరిచింది. అందరి ఎదుటా రాయి కింద పెట్టి మట్టి కప్పింది. ఫల్గుణ కూడా ఒక గుప్పెడు మట్టి వేశాడు.

ఆ తర్వాత అన్న ఉద్యోగం తమ్ముడికి ఇచ్చారు. కామేష్‌కి ఇరవై రెండేళ్లు. ఫల్గుణని దాదా అంటాడు, సొంత అన్నని పిలిచినట్టే. ఇప్పుడు అటునుంచి నడిచి వచ్చేది వాడే.

పట్నం నుంచి వచ్చాక ఫల్గుణకి నిలకడ పోయింది. మధ్యాహ్నం కాస్త నడుము వాలిస్తే కుడి చెవి తలగడలోకి పోతుంది. అది మూతపడగానే ఎడం పక్క... టంగ్. లేచి కూర్చునేవాడు.

"ఏటైంది? మళ్లీ లేచిపోనావు?" అనేది భాను.

"ఎవులో కొడతన్నారు."

"ఎవులూ నేరు. పడుకో ముందు."

పొయ్యి దగ్గర కూర్చున్నా, సంతలో నిలబడినా, కుడి పక్క ఏ చప్పుడు ఎక్కువైనా చాలు. పిండిమర తిరిగితే వినపడేది. చర్చి పక్కనుంచి పోతుంటే పాటలు కుడి చెవిలో పడేవి, ఎడమదాంట్లో సుత్తి. ఎప్పుడూ ఒక్క దెబ్బే. అడిగి ఆగడం. మళ్లీ అడగడం. కోపం లేదు, తొందర లేదు. జవాబు చెప్పేదాకా అక్కడే నిలబడి ఉంటానన్నట్టు... అంతే. ఆ ఓపికే ఫల్గుణని తినేసింది. తిట్టినా బాగుండును, మీద పడినా బాగుండును అనుకున్నాడు.

చెవిని నమ్మడం మానేసి, పని దగ్గర అరచెయ్యి పట్టా మీద ఆనించి చూసుకునేవాడు. చెయ్యి అబద్ధం ఆడదు. కామేష్ కొట్టిన దెబ్బ చేతిలో సన్నగా జిలపెడుతుంది. ఎడం చెవిలో దెబ్బ పడినప్పుడు చేతికి ఏమీ తగలదు. అలా తేడా తెలుసుకుని ఆషాఢమంతా నెట్టుకొచ్చాడు.

శ్రావణంలో ఒకరోజు.

తెల్లారి వెళ్లేసరికే మంచు దట్టంగా కమ్మి ఉంది. గెడ్డ ఎర్రటి నీళ్లతో విరుచుకు పడుతోంది, తుంపర వచ్చి మొహాన కొడుతోంది. తడి మట్టి వాసన, సొరంగం నోట్లోంచి వచ్చే మసి వాసన. ఫల్గుణ గెడ్డకీ పట్టాలకీ మధ్య, ఆ రోజు నిలబడిన చోటే నిలబడ్డాడు. వేరే చోటు లేదు మరి. కుడి చెవి నీళ్ల హోరులో మునిగిపోయింది. వంగి, ఎడం చెయ్యి పట్టా మీద పెట్టాడు. చల్లగా ఉంది. కదలిక లేదు.

టంగ్.

ఎడం చెవిలో.

చేతిలో ఏమీ లేదు. వీడు కాదు, వాడు. ఫల్గుణ పళ్లు బిగించాడు.

టంగ్.

"ఒగ్గేయ్ మంగ్లూ... నన్నొగ్గేయ్," అన్నాడు గొణుగుతూ.

టంగ్. ఇంత దగ్గరగా ఎప్పుడూ లేదు. పుర్రె లోపల కొట్టినట్టుంది. సరిగ్గా అప్పుడే అరచేతిలోనూ... జిల్లుమంది. కామేష్. అటు నోటి దగ్గర కామేష్ అడుగుతున్నాడు. ఇద్దరూ ఒకేసారి అడిగారు.

జవాబు చెప్పి తీరాలి.

ఫల్గుణ వెనక్కి తిరిగి చూశాడు. మంచు తప్ప ఏమీ కనపడలేదు. పట్టా వణకడం లేదు. ఖాళీయే కావచ్చు. అయినా రెండు కొట్టడానికి అతని చెయ్యి రాలేదు. రెండేళ్ల కింద కొట్టాల్సింది ఇవాళ కొడతాను అనుకున్నాడు. మూడు. మహా అయితే కామేష్ కాసేపు ఆగుతాడు. ఆగనీ. మంగ్లుకి కూడా ఇదే నా జవాబు.

సుత్తి ఎత్తాడు. ఒకటి.

రెండు.

మూడోది కొట్టబోతుంటే, రెండేళ్లుగా పగుళ్లు కూడా లేని ఆ పిడి చేతిలోనే ఫట్‌మని విరిగింది. పద్నాలుగు అంకె ఉన్న ఇనుము గాల్లోకి ఎగిరి గెడ్డలో పడిపోయింది.

రెండు. రెండే వెళ్లాయి.

ఖాళీ, రా.

ఫల్గుణ సొరంగం వైపు తిరిగాడు. "కామేషూ! రాకురా! రాకు!" అని అరిచాడు. గెడ్డ ఆ కేకని మింగేసింది. కింద రాయి అందుకుని పట్టా మీద బాదాడు. థప్ అంది, అంతే. రాయికి మోత లేదు. మళ్లీ బాదాడు. ఎడం చెయ్యి పట్టా మీదే ఉంది.

పట్టా వణుకుతోంది.

వెనక్కి తిరిగాడు. మంచులో పసుపు పచ్చటి వెలుగు. ఒంటి ఇంజను. ఎర్ర జెండా లాగి, పట్టాల మీదికి వంగి పిచ్చెత్తినట్టు ఊపాడు. "ఆపండి! లోన గుంటడు ఉన్నాడు! ఆపండి!" ఆ వాలులో, ఆ తడిలో ఇంజను ఆగుతుందా? పక్కకి దూకాడు. ఈసారి ఇంజను వైపు తిరిగి ఉన్నాడు కాబట్టి పట్టాలు అతని కుడి పక్కన ఉన్నాయి. హారన్ సరిగ్గా కుడి చెవి పక్కనే పేలింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు. కుడి చెవిలో సన్నటి హోరు మాత్రం మిగిలింది. ఆసుపత్రి గదిలో వేసిన హోరు లాంటిదే.

ఇంజను సొరంగంలోకి పోయింది. చక్రాల కింద నిప్పురవ్వలు లేచాయి గానీ ఆగలేదు. ఫల్గుణ కంకర మీద మోకాళ్లపై కూలబడ్డాడు. దేవుడా, ఆడికేటీ అవకూడదు. నన్ను తీసుకుపో. ఆడిని ఒగ్గేయ్. అన్న పోయినాడు, తమ్ముణ్ని కూడా నానే సంపీసినాను. ఆ మాటలు పైకి అంటున్నాడో లోపల అనుకుంటున్నాడో అతనికే తెలియలేదు.

ఎంతసేపైందో. సొరంగం నోట్లో ఒక లాంతరు కదిలింది.

కామేష్.

నడిచి వస్తున్నాడు. చొక్కా ఎడం చెయ్యి చిరిగి ఉంది, మొహమంతా మసి. బతికే ఉన్నాడు. కామేష్ దగ్గరికొచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి. ఫల్గుణకి ఒక్క ముక్క వినపడలేదు, కుడి చెవి నిండా హోరే. అయితే ఎడం చెవిలో మాట వినపడింది. సన్నగా, పక్కన కూర్చుని బీడీ అడిగినంత మామూలుగా. అది కామేష్ గొంతు కాదు.

"ఆ రోజు రెండా, మూడా?"

ఫల్గుణ కామేష్ పెదాల వైపే చూస్తున్నాడు. అవి ఆగిపోయాయి. మాట ఆగలేదు.

"రెండా... మూడా?"

"రెండు," అన్నాడు ఫల్గుణ. తన గొంతు తనకే వినపడటం లేదు కాబట్టి కొండ దద్దరిల్లేలా అరిచాడని అతనికి తెలీదు. "రెండే కొట్టినాను మంగ్లూ! ఎనక్కి తిరిగి సూడకుండా కొట్టినాను. మూడని అందరికీ అబద్ధం సెప్పినాను. సుత్తి కూడా నీది కాదు, నాది పెట్టినాను రాయి కింద. నన్ను ఒగ్గీ... ఇంక ఒగ్గీ..."

ఎడం చెవి ఆగిపోయింది. ఆసుపత్రికి పోయి వచ్చాక మొదటిసారి, కుడి చెవిలో హోరుండగానే అక్కడ ఏమీ లేదు. కుడి చెవిలో హోరు మెల్లగా తగ్గుతూ వచ్చింది. ముందు గెడ్డ వినపడింది. తర్వాత ఎవరో గట్టిగా ఊపిరి పీల్చడం వినపడింది. కామేష్ ఏడుస్తున్నాడు.

"నానేటీ అడగనేదు," అన్నాడు కామేష్. దాదా అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. "రెండు ఇన్నాను, లోనికి వచ్చీనాను. బండి మీదకి వచ్చీసింది. ఎవులో నా ఎడం సెయ్యి పట్టుకుని గూట్లోకి లాగీసినారు. సీకట్లో మొకం కనపళ్లేదు. ముందు నువ్వే అనుకున్నాను."

"నాను ఇక్కడే ఉన్నాను."

"మరి ఇది?" అని కామేష్ వెనక పెట్టుకున్న కుడి చెయ్యి ముందుకు చాపాడు. "బండి ఎల్లిపోయాక నా సేతిలో పెట్టినాడు. నీకు ఇచ్చీమన్నాడు. తన డూటీ దిగిపోయిందంట. ఇంక డూటీ నీదేనంట."

సుత్తి. ఇనుముకి ఊరి రాయి కింది ఎర్ర మట్టి ఇంకా అంటుకుని ఉంది. ఫల్గుణ బొటనవేలితో తుడిచి చూశాడు. ఇరవై ఏడు.

కనక మోకాలి మీద పెట్టి విరిచిన పిడి, ఎక్కడా అతుకు లేకుండా నిండుగా ఉంది. ఎవరో ఇప్పటిదాకా పట్టుకుని వదిలినట్టు, వెచ్చగా ఉంది.